వన్యప్రాణి సేవ: పరదేశమూ, మన తీరమూ

గత జనవరి మాసంలో డిగ్రీ ద్వితీయ సంవత్సరపు విద్యార్థిని ఒకామె ఒక కాగితం పట్టుకొని తెలుగు శాఖకు వచ్చింది. శ్రీలంక దక్షిణ తీరంలో సముద్రపు తాబేళ్లను సంరక్షించే కేంద్రం ఒకటి రెండు వారాల స్వచ్ఛంద సేవకు యువతీ యువకులను ఆహ్వానిస్తూ వెలువరించిన ప్రకటన అది. "సార్, సిఫారసు లేఖ వ్రాసి యివ్వండి" అని అడిగింది. ప్రకటన చివర, సేవ చేయదలచినవారు చెల్లించవలసిన రుసుము ఉన్నది. విమాన ఛార్జీ అదనం. ఆమె తండ్రి కువైట్‌లో డ్రైవరు. ఆయన రెండు నెలల జీతం దీనికి సరిపోతుందని ఆమే లెక్కగట్టి చెప్పింది. సేవ చేయడానికి ఎదురు డబ్బు కట్టడమేమిటని నాకు తోచింది. ఆ మాట పైకి అనలేదు. లేఖ రేపు ఇస్తానన్నాను. ఆ రాత్రి నేను చదివినదీ, ఆలోచించినదీ, అంతకు కొన్నేళ్ల ముందు ఒక తప్పు చేసి నేర్చుకొన్నదీ కలిపి ఈ వ్యాసంగా మన సంచికకు సమర్పిస్తున్నాను.

'పునరావాసం' అనే మాట కోనసీమవాసులకు కొత్తది కాదు. తుఫాను వచ్చిన ప్రతిసారీ, గోదావరి లంకలను కోసిన ప్రతిసారీ ఆ మాట వింటూనే ఉన్నాం. మళ్లీ నివసించడానికి చోటు కల్పించడమని దాని అర్థం. వన్యప్రాణి విషయంలో ఈ మాటకు కొంత కఠినమైన అర్థం ఉన్నది. గాయపడిన ప్రాణిని గాని, తల్లిని కోల్పోయిన కూనను గాని మనిషి చేరదీసి, స్వస్థత చేకూర్చి, తిరిగి దాని చోట దానిని విడిచిపెట్టాలి. అంతటితో ఆ ప్రాణికీ మనిషికీ సంబంధం తెగిపోవాలి. మనం పెంచిన మేక మనలను గుర్తుపడితే సంతోషిస్తాం. పెంచిన బావురుపిల్లి మనలను గుర్తుపట్టి వెంట వచ్చినదంటే, ఆ వైద్యం విఫలమైనట్లే లెక్క. మనిషి చేతి ఆహారానికి అలవాటుపడిన మృగం అడవిలో ఆకలికి చస్తుంది, లేదా ఊరిలోకి వచ్చి కర్రదెబ్బలకు చస్తుంది.

విదేశాలకు వెళ్లి ఇట్టి సేవ చేసే ఆచారం ఏర్పడి చాలాకాలమైనది. మలేసియాలోని సబా రాష్ట్రంలో, సెపిలోక్ అనే చోట, 1964లో ఒరాంగుటాన్ కోతులకు పునరావాస కేంద్రం నెలకొన్నది. కోస్టారికా దేశపు టోర్టుగెరో తీరంలో ఆర్చీ కార్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1950 దశకంలో తాబేళ్లకు గుర్తుబిళ్లలు తగిలించే పని ప్రారంభించాడు. ఆ పని నేటికీ సాగుతున్నది, దేశదేశాల విద్యార్థులు రాత్రులు ఆ ఇసుకపై నడుస్తున్నారు. శాస్త్రపరిశోధనకు సామాన్యులు తమ ఖర్చుతో వెళ్లి చేయూతనిచ్చే పద్ధతిని 1971లో అమెరికాలో ప్రారంభమైన ఎర్త్‌వాచ్ సంస్థ వ్యాప్తిలోకి తెచ్చింది. కనుక రుసుము తీసుకొన్నంత మాత్రాన మోసమని అనరాదు. అతిథి భోజనమూ, బసా, అతడు వెళ్లిపోయిన తరువాత మిగిలిన పది నెలలూ ఆ తీరాన్ని కాచే స్థానికుని జీతమూ చాలాచోట్ల ఆ రుసుములోనుండే రావాలి.

అయితే ఆ సొమ్ము చుట్టూ వేరొక వ్యాపారం కూడా పెరిగింది. దక్షిణాఫ్రికాలో కొన్ని చోట్ల సింహపు కూనలకు సీసాతో పాలు పట్టించే 'సేవ'కు యూరపు నుండి యువకులు డబ్బు కట్టి వచ్చేవారు. ఆ కూనలు అనాథలని వారికి చెప్పేవారు. నిజానికి సేవకులకు చేతినిండా కూనలుండాలని వాటిని తల్లులనుండి వేరుచేసేవారు. పెరిగిన పిమ్మట అట్టి సింహాలలో కొన్ని కంచెలలోని వేటకు అమ్ముడుపోయేవి. ఈ బందీ సింహాల పెంపకానికి స్వస్తి పలకాలన్న విధానాన్ని అక్కడి ప్రభుత్వం 2021లో ప్రకటించింది. పాలసీసా పట్టుకొన్న ఆ యువకుల హృదయం మంచిదే. అది మంచిది గనుకనే ఆ వ్యాపారం సాగింది.

తాబేళ్ల కేంద్రాలలో కూడా ఇట్టి చిక్కే ఉన్నది. గుడ్డు పగిలి ఇసుకలోనుండి పైకి వచ్చిన పిల్లకు మొదటి కొన్ని గంటలు విపరీతమైన ఈత ఉబలాటం ఉంటుంది. కడుపులో మిగిలిన పచ్చసొన దాని దారిబత్తెం. తీరపు చేపల నోట పడకుండా లోతు నీటికి చేరడానికి ఆ శక్తి సరిగ్గా ఆ సమయానికే ఇవ్వబడింది. సందర్శకులు చూచి ముచ్చటపడడానికి ఆ పిల్లలను తొట్లలో రెండు మూడు రోజులు ఉంచితే ఆ శక్తి గోడలు కొట్టుకోవడంలో ఖర్చైపోతుంది. అందుచేత ఏ దేశానికి వెళ్లదలచినవారైనా ముందుగా ఒక్క ప్రశ్న వేయాలి: "మీ దగ్గర ప్రాణిని ముట్టుకోనిస్తారా?" ఎంత ఎక్కువగా ముట్టుకోనిస్తే ఆ చోటును అంత తక్కువగా నమ్మాలి. మంచి కేంద్రంలో సేవకుడు పెంట ఎత్తుతాడు, వల కుడతాడు, లెక్క వ్రాస్తాడు, ప్రాణికి కనిపించకుండా తప్పుకొంటాడు.

తిరిగి అడవికి పోలేని ప్రాణుల సంగతి వేరు. మన చిన్నతనంలో ముక్కుతాడు వేసిన ఎలుగుబంటిని వీధులలో ఆడించేవారు. ఆ వృత్తి కలందరులది. వారు ముస్లింలలోని ఒక బీద తెగ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత కూడా ఆ ఆట ఎన్నో సంవత్సరాలు సాగింది, ఎందుకనగా అది తప్ప వారికి వేరే బువ్వ లేదు. 1995లో స్థాపితమైన వైల్డ్‌లైఫ్ ఎస్.ఓ.ఎస్. అనే సంస్థ ఎలుగుబంట్లను తీసుకొనేటప్పుడు వాటి యజమానులకు వేరొక వృత్తి పెట్టుబడిగా కొంత సొమ్మునూ, వారి పిల్లలకు చదువునూ ఏర్పాటుచేసింది. చివరి ఆట ఎలుగుబంటి 2009లో ఆ సంస్థకు చేరింది. పళ్లు పీకి, ముక్కు కుట్టిన ఆ జంతువులు అడవిలో బ్రతకలేవు. ఆగ్రా మున్నగు చోట్ల ఆవరణలలోనే వాటి శేషజీవితం. మన రాష్ట్రంలో సర్కసు సింహాలకూ, పులులకూ ఇదే గతి. సర్కసులలో ఈ జంతువుల ప్రదర్శనను నిషేధించిన 1998 నాటి ప్రకటనను సుప్రీంకోర్టు 2001లో సమర్థించిన పిదప విశాఖపట్నం, తిరుపతి జంతుప్రదర్శనశాలల చెంత వాటికి శరణాలయాలు ఏర్పడినవి. ఎలుగుబంటితోపాటు కలందరు గూడా పునరావాసం పొందినందువల్లనే ఆ కథ ముగిసింది. ఈ మాటను పాఠకులు కొంచెం జ్ఞాపకం పెట్టుకోవాలి. మన తీరపు సంగతికి ఇది మళ్లీ అవసరపడుతుంది.

ఇప్పుడు మన తీరానికి వస్తాను. అంతర్వేది వద్ద వశిష్ఠ, ఓడలరేవు వద్ద వైనతేయ, ఆపైన గౌతమి సముద్రంలో కలిసే నడుమ ఉన్న ఇసుకతీరమంతా ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలుకు ప్రసూతిగృహం. ఉత్తరాన 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యపు మడ అడవులు, హోప్ ఐలాండు ఇసుకదిబ్బ కూడా ఈ వరుసలోనివే. సంస్కృతంలో ఈ ప్రాణిని కూర్మమనీ, కమఠమనీ, కచ్ఛపమనీ అంటారు. ఉర్దూ విభాగపు మిత్రులు 'కఛువా' అంటారు. ఆ మాట ఈ కచ్ఛపంలోనుండి పుట్టినదే. పేరును పంచుకొన్నాం కాని, బాధ్యతను ఇంకా పంచుకోలేదు.

ఈ తాబేలు సుమారు రెండడుగుల పొడవు, 35 నుండి 45 కిలోల బరువు ఉంటుంది. జనవరి నుండి ఏప్రిల్ వరకు, ఎక్కువగా రాత్రివేళ, ఆడతాబేలు ఒడ్డెక్కి, వెనుక కాళ్లతో కూజా ఆకారపు గుంత త్రవ్వి, నూరుకు పైబడిన గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తన శరీరపు బరువుతో దానిని అదిమి వెళ్లిపోతుంది. మళ్లీ తిరిగి చూడదు. నలభై ఐదు నుండి అరవై రోజులకు పిల్లలు పైకి వస్తాయి. గుడ్డులోనిది ఆడా, మగా అన్నది ఇసుక వేడిమి తేల్చడం ఇందులోని విచిత్రం. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు. లోకం వేడెక్కుతున్న ఈ కాలంలో శాస్త్రజ్ఞులకు ఇది కొత్త దిగులు. పెరిగి పెద్దవై గుడ్లు పెట్టడానికి ఇంచుమించు పదిహేనేళ్లు పడుతుంది. వెయ్యి పిల్లలలో ఒకటి ఆ వయసుకు చేరితే గొప్ప అంటారు.

ఒరిస్సా తీరంలో గుర్తుబిళ్లలు తగిలించిన తాబేళ్లు శ్రీలంక జలాలలో కనిపించినవి. 2021లో గహిర్మథ వద్ద బిళ్ల తగిలించిన ఒక తాబేలు 2025 జనవరిలో దేశానికి అవతలి ఒడ్డున, మహారాష్ట్రలోని గుహాగర్‌లో గుడ్లు పెట్టింది. అనగా మా విద్యార్థిని విమానమెక్కి చూడబోతున్న తాబేళ్లలో కొన్ని వీసా లేకుండా మన ఓడలరేవు ముందునుండే వెళ్లి ఉండవచ్చును. గల్ఫుకు పోయిన మన కోనసీమ సోదరులలో ఎందరికి తెలుసునో గాని, ఒమన్ దేశపు తూర్పు కొనన రాస్ అల్ జింజ్ వద్ద పచ్చ తాబేళ్లు గుడ్లుపెట్టే తీరాన్ని ఆ ప్రభుత్వం 1996లో రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అక్కడ తాబేళ్లను చూడడానికి అనుమతి పొంది, మార్గదర్శి వెంట, చీకటిలో తీరానికి పోవాలి.

ఆ చీకటి విలువ నేను తెలుసుకొన్న విధం చెబుతాను. కొన్నేళ్ల క్రితం, ఒక ఫిబ్రవరి రాత్రి, విద్యార్థులను కొందరిని వెంటబెట్టుకొని ఇక్కడి తీరానికి వెళ్లాను. అప్పటికి నాకీ విషయంలో ఉత్సాహమే గాని జ్ఞానం లేదు. అనుమతి అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. అర్ధరాత్రి దాటిన తరువాత కెరటాల అంచున నల్లని బండవంటిది కదిలింది. పిల్లలందరూ ఒక్కసారి టార్చిలైట్లు వేశారు. వేయమన్నది నేనే. తాబేలు ఆగింది. తల ఎత్తింది. నెమ్మదిగా అర్ధవృత్తంగా తిరిగి, వచ్చిన దారినే సముద్రంలోకి వెళ్లిపోయింది. ఇసుకపై విల్లువంటి జాడ మాత్రం మిగిలింది. మాతో వచ్చిన వృద్ధ మత్స్యకారుడు, "కడుపుతో వచ్చినదాన్ని గుమ్మంలోనుంచి తరిమారయ్యా, మాస్టారూ" అన్నాడు. ఆ రాత్రి మేము మరి మాట్లాడుకోలేదు. వెలుగు చూచి వెనుదిరిగిన తాబేలు వేరొక చోట గాని, మరునాడు గాని ఒడ్డెక్కుతుందని పిమ్మట చదివి కొంత ఊరట చెందాను. పిల్లల విషయంలో ఆ ఊరట కూడా లేదు. గుంతలోనుండి వచ్చిన పిల్ల అన్నిటికంటె వెలుతురుగా ఉన్న దిక్కుకు ప్రాకుతుంది. మనిషి లేని కాలంలో ఆ వెలుతురు సముద్రానిది. ఇప్పుడది రొయ్యల చెరువు గట్టుమీది దీపానిది కావచ్చును. తెల్లవారేసరికి అట్టి పిల్లలు ఎండకు మాడి, లేదా కాకులకు చిక్కి కనిపిస్తాయి.

గుడ్లకు శత్రువులు అనేకం. నక్కలు, ఊరకుక్కలు, అడవిపందులు గుంతలను త్రవ్వి తింటాయి. అందుచేత ఆంధ్ర తీరంలో పలుచోట్ల అటవీశాఖవారు, స్వచ్ఛంద సంస్థలు కంచెవేసిన ఇసుకగదులలో గుడ్లను తిరిగి పాతిపెడుతున్నారు. చూపరికి ఇది తేలిక పనిగా కనిపిస్తుంది. గుడ్లు పెట్టిన కొద్ది గంటలలోనే వాటిని తరలించాలి. ఆలస్యమైతే లోని పిండం పెంకుకు అంటుకొంటుంది, అప్పుడు గుడ్డును తిప్పితే చస్తుంది. కోడిగ్రుడ్డువలె పొర్లించరాదన్నమాట. కొత్త గుంత తల్లి త్రవ్విన లోతునే, ఆ ఆకారంలోనే ఉండాలి. పిల్లలు వచ్చిన వెంటనే, చీకటి ఉండగానే, నీటి అంచుకు కొంత దూరంలో ఇసుకమీదనే వదలి, వాటంతట వాటిని ప్రాకనివ్వాలి. ప్రతిసారీ ఒకే చోట వదిలితే చేపలు అక్కడే కాపువేస్తాయి. కనుక చోటు మార్చాలి. ఛాయాచిత్రాలకోసం పగటివేళ బుట్టలతో తెచ్చి పెద్దల చేతులమీదుగా నీటిలో వేయించడం వేడుకే గాని సేవ కాదని నా అభిప్రాయం.

మద్రాసు విద్యార్థులు ఈ పనిలో మనకు మార్గదర్శకులు. 1970 దశకంలోనే అక్కడ కొందరు యువకులు తీరం వెంట రాత్రినడక మొదలుపెట్టారు. 1988లో విద్యార్థులే ఒక సంఘంగా ఏర్పడి ఆ పనిని చేపట్టారు. అప్పటినుండి తరం వెంట తరం కళాశాల విద్యార్థులు దానిని నడుపుతున్నారు. ఆ నగరంలోనే 2002లో సుప్రజా ధారిణి స్థాపించిన ట్రీ ఫౌండేషన్ వేరొక మార్గం త్రొక్కింది. మత్స్యకార గ్రామాల యువకులనే కాపలాదారులుగా తీర్చిదిద్దింది. ఆంధ్ర తీరంలోని కొన్ని ఊళ్లకు కూడా ఆ పని విస్తరించింది. నా మట్టుకు నాకు ఈ రెండవ మార్గమే ఎక్కువ నచ్చింది. పరీక్షలు రాగానే విద్యార్థి ఇంటికి పోతాడు. మత్స్యకారుడు అక్కడే ఉంటాడు.

గుడ్లను మాత్రమే కాపాడితే చాలదు. ప్రతి శీతకాలంలో మన తీరానికి చచ్చిన తాబేళ్లు కొట్టుకొని వస్తున్నవి. 2025 జనవరిలో కాకినాడ తీరంలో అవి పెద్దసంఖ్యలో కనిపించడంతో రాష్ట్ర ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. ఒడ్డుకు చేరినవి చచ్చినవాటిలో కొంత భాగమే. తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసించే జీవి. విశ్రాంతిగా ఉన్నప్పుడు చాలాసేపు నీటి అడుగున ఉండగలదు గాని, ట్రాలు వలలో చిక్కి పెనుగులాడేటప్పుడు గంటలోపే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. వలను గంటల తరబడి లాగుతారు. తల్లి కావడానికి పదిహేనేళ్లు పట్టిన ప్రాణి అట్లా పోతే, ఆ లోటు తీరడానికి ఎన్ని వేల పిల్లలను సముద్రంలో విడువవలెనో పైని లెక్కతో మీరే గుణించి చూడండి.

దీనికి ఉపాయం లేకపోలేదు. టెడ్ అనే సాధనం ఉన్నది. వల గొంతులో ఏటవాలుగా అమర్చిన లోహపు చట్రం అది. రొయ్యలు ఊచల సందులలోనుండి లోనికి పోతాయి. తాబేలు ఊచలకు తగిలి, అక్కడ విడిచిన ద్వారంలోనుండి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగిన నమూనాను రూపొందించింది. అయినను మరబోట్లవారికి దానిపై ఇష్టం లేదు. ఆ ద్వారంలోనుండి పెద్ద చేపలు కొన్ని జారిపోతాయి. డీజిలు ఖర్చు, అప్పు వడ్డీ పోగా మిగిలేది ఆ కొన్ని చేపలే కావచ్చును. ఆ నష్టాన్ని ఎవరు భరిస్తారని వారడిగితే, ఒడ్డున నిలబడిన మనం జవాబు చెప్పలేకపోతున్నాం. కలందరు ఎలుగుబంటిని అప్పగించినప్పుడు అతని చేతిలో ఏదో ఒకటి పెట్టారు. మత్స్యకారుని చేతిలో ఏమి పెట్టాం?

శిక్ష మాత్రం దూరదేశంనుండి వచ్చింది. టెడ్ వాడని దేశాలనుండి రొయ్యలు కొనరాదని అమెరికా 1989లో చట్టం చేసింది. భారతదేశం, పాకిస్తాను, మలేసియా, థాయిలాండు కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసినవి. తాబేళ్లను కాపాడే ఉద్దేశం సబబే గాని, దానిని అమలుచేసిన తీరులో దేశాలమధ్య పక్షపాతం ఉన్నదని 1998లో తీర్పు వచ్చింది. 2019లో, మన దేశపు సముద్రంలో వలవేసి పట్టిన రొయ్యల దిగుమతిని అమెరికా మళ్లీ నిలిపివేసింది. చెరువులలో పెంచిన రొయ్యలకు ఈ నిషేధం లేదు. కనుక మన కోనసీమ చెరువుల రైతుకు దీని వేడి తగలలేదు, సముద్రంపై బ్రతికేవారికి తగిలింది. తీరంనుండి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడరాదని 1994 నాటి రాష్ట్ర చట్టం క్రింద నియమం ఉన్నది. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పుతీరంలో వేట నిషేధం కూడా ఉన్నది. కాని తాబేళ్లు తీరానికి దగ్గరగా మసలేది ముఖ్యంగా అంతకు ముందు మాసాలలో.

తీరగ్రామాల విద్యార్థులు ఇంట చెప్పదగిన విషయం ఒకటున్నది. వలలో వచ్చిన తాబేలు కదలకుండా ఉంటే చచ్చిందని వెంటనే నీటిలో పారవేయరాదు. అది స్పృహ తప్పి ఉండవచ్చును. దానిని వెల్లకిలా వేయక, పొట్టమీదనే ఉంచి, వెనుకభాగం జానెడు ఎత్తులో ఉండేటట్లు ఏదైనా ఎత్తుపెట్టి, నీడలో తడిగుడ్డ కప్పాలి. ముక్కు మూసుకొనిపోకుండా చూడాలి. ఊపిరితిత్తులలోని నీరు మెల్లగా కారిపోయి, కొన్ని గంటలకు, ఒక్కొక్కప్పుడు మరునాటికి అది తేరుకొంటుంది. అప్పుడు ఇంజను ఆపి, వల లేనిచోట నీటిలోకి జారవిడవాలి. దీనికి రుసుము లేదు, విమానం లేదు.

మరునాడు మా విద్యార్థినికి రెండు లేఖలు ఇచ్చాను. ఒకటి శ్రీలంక కేంద్రానికి, రెండవది ఇక్కడి అటవీ రేంజి అధికారికి. మొదటిదానిని వాడుకొన్నదో లేదో నేనడగలేదు. రెండవది పట్టుకొని, అనుమతి సంపాదించి, తల్లితోనూ మేనమామతోనూ కలిసి ఫిబ్రవరిలో మూడు రాత్రులు అటవీ సిబ్బంది వెంట తీరాన నడిచింది. ఆమె నోటుపుస్తకం నా బల్లపై ఉన్నది. మొదటి రాత్రి: ఏమీ లేదు. రెండవ రాత్రి: ఏమీ లేదు, చలి. మూడవ రాత్రి: ఒక జాడ, నక్కలు త్రవ్విన గుంత, పెంకులు. దాని క్రింద చిన్న అక్షరాలతో, "వచ్చే సంవత్సరం ఇంకా ముందుగా వెళ్లాలి" అని వ్రాసుకొన్నది.

రాబోయే జనవరినుండి ఈ నడకలో చేరదలచినవారు డిసెంబరు పరీక్షలకు ముందే తెలుగు శాఖలో పేర్లు ఇవ్వగలరు. అనుమతి వచ్చిన తరువాతనే బయలుదేరుతాం. విద్యార్థినులకు ఇంటివారి లిఖిత అంగీకారం, వెంట ఒక పెద్దదిక్కు ఉండాలి. ముదురురంగు దుస్తులు ధరించాలి. టార్చి తెచ్చేవారు దాని అద్దంపై ఎర్ర కాగితం అంటించి తేవాలి, నేను చెప్పేవరకు వెలిగించరాదు.